పుస్తకాలకెక్కని ఆస్తి

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటపడింది. నగదు, బ్యాంకు నిల్వలు కలిపి 5,361 కోట్ల రూపాయలున్నట్టు పుస్తకాల్లో చూపించామని, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆ లేఖలో ఆయనే ఒప్పుకున్నారు. ఆడిట్ వృత్తిలో ఉన్న నాబోటి వాళ్లకు అది పిడుగుపాటు. సరుకు పాడైపోవచ్చు, బాకీలు మొండికెక్కవచ్చు, యంత్రాలు పాతబడవచ్చు. బ్యాంకులో ఉన్న డబ్బు మాత్రం ఉన్నట్టేనని ఆర్టికల్‌షిప్ రోజుల నుంచీ నమ్ముతూ వచ్చినవాళ్లం. ఆ డబ్బే లేదన్నారు.

ఆ తర్వాత మూడు నెలలకు జరిగినదాని మీద మాత్రం పెద్దగా చర్చ జరగలేదు. కేంద్రం పాత బోర్డును తప్పించి కొత్త బోర్డు వేసింది. ఏప్రిల్‌లో కంపెనీని వేలానికి పెడితే టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున 31 శాతం వాటా దక్కించుకుంది. అప్పటికి సత్యం అసలు లెక్కలేమిటో ఎవరికీ తెలియదు. సరిచేసిన పద్దులు 2010లో గానీ రాలేదు. మరి లెక్కలు తేలని కంపెనీ కోసం అంత పోటీ ఎందుకు పడ్డారు? వేలమంది ఇంజినీర్లు ఇంకా సీట్లలోనే ఉన్నారు. విదేశీ ఖాతాదారుల్లో చాలామంది ఇంకా తెగదెంపులు చేసుకోలేదు. ఆ ఖాతాదారుల కంప్యూటర్లలో ఏది ఎక్కడ మొరాయిస్తుందో, దాన్ని ఎలా దారికి తేవాలో తెలిసిన మనుషులు హైదరాబాద్‌లోనే ఉన్నారు. కొన్నవాళ్లు వెలకట్టింది దీనికే. బ్యాలెన్స్ షీట్‌లో ఘనంగా కనబడిన ఆస్తి బూటకమని తేలింది. అందులో ఎక్కడా కనబడని ఆస్తి కంపెనీని బతికించింది.

ఈ కనబడని ఆస్తినే మేధో మూలధనం అంటున్నారు. ఉద్యోగుల బుర్రల్లో, చేతుల్లో ఉన్న నైపుణ్యం ఒకటి. మనుషులు మారినా సంస్థలోనే మిగిలిపోయే పద్ధతులు, సాఫ్ట్‌వేర్, పేటెంట్లు, ఫార్ములాలు మరొకటి. ఖాతాదారులతో, సరఫరాదారులతో ఏళ్ల తరబడి కుదిరిన నమ్మకం ఇంకొకటి. తెలంగాణ ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022-23లో రాష్ట్ర ఐటీ ఎగుమతులు 2.41 లక్షల కోట్ల రూపాయలు, ఆ రంగంలో ఉద్యోగులు 9 లక్షల పైచిలుకు. మన దగ్గర ఇంత సంపద పుడుతున్నది దేనివల్లో దాని గురించి మన కంపెనీల వార్షిక నివేదికలు దాదాపు మౌనంగా ఉంటాయి. ఈ మౌనం వాటాదారుడికి నష్టం, ఉద్యోగికి నష్టం. అంతకంటే ఎక్కువగా ఆ కంపెనీకే నష్టమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మౌనానికి మూలం కొంతవరకు లెక్కల నియమాల్లోనే ఉంది. జీతం ఖర్చు, శిక్షణ ఖర్చు, ప్రకటన ఖర్చు. పరిశోధన కూడా ఖర్చే. అభివృద్ధి దశకు చేరి కొన్ని షరతులు నెరవేరాకే దాన్ని ఆస్తిగా రాయనిస్తారు. సొంతంగా పెంచుకున్న బ్రాండ్లను, ఖాతాదారుల జాబితాలను, చివరికి పత్రికల పేర్లను కూడా ఆస్తిగా చూపకూడదని ఇండ్ ఏఎస్ 38 అనే ప్రమాణం పేరుపెట్టి మరీ చెబుతుంది. మీరు రోజూ పొద్దున్నే అడిగి తీసుకునే పత్రిక పేరు, దాన్ని పెంచిన సంస్థ పుస్తకాల్లో సున్నా. నిపుణులైన ఉద్యోగుల విషయంలోనూ అంతే. వాళ్ల వల్ల వచ్చే లాభం మీద కంపెనీకి సరిపడా అదుపు ఉండదు కాబట్టి, సాధారణంగా వాళ్ల నైపుణ్యాన్ని ఆస్తిగా రాయనివ్వరు.

అదే ఆస్తిని బయటి నుంచి కొంటే వ్యవహారం మారిపోతుంది. రాజమండ్రి పక్క ధవళేశ్వరంలో హార్లిక్స్ ఫ్యాక్టరీ సంగతి గోదావరి జిల్లాలవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2020లో హిందుస్థాన్ యూనిలీవర్ ఆ ఫ్యాక్టరీని నడిపే కంపెనీని తనలో కలుపుకొంది. భారతదేశం వరకు హార్లిక్స్ అనే పేరు మీద హక్కు కోసం విడిగా 3,045 కోట్ల రూపాయలు చెల్లించింది. కొన్నది కాబట్టి అది ఆస్తి. తరతరాలుగా అమ్మలు పిల్లలకు పాలలో కలిపి తాగించిన నమ్మకం, చేతులు మారిన రోజున గానీ పుస్తకాలకెక్కలేదు.

ప్రమాణం తప్పని నేననను. ఎవరి బ్రాండుకు వాళ్లే వెలకట్టుకుని ఆస్తుల్లో రాసుకోవచ్చంటే ఏమవుతుందో కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ చూపించింది. ఆ బ్రాండు విలువ ఒకప్పుడు వేల కోట్లన్నారు. దాన్ని పూచీకత్తుగా పెట్టుకుని బ్యాంకులు అప్పులిచ్చాయి. 2016 ఏప్రిల్‌లో అవే బ్యాంకులు ఆ బ్రాండును, ట్రేడ్‌మార్కులను 366.70 కోట్ల కనీస ధరకు వేలం వేస్తే ఒక్కరూ ముందుకు రాలేదు. విమానాలు ఎగరడం మానేసిన 2012లోనే ఆ పేరు విలువ కరిగిపోయింది. కాగితం మీద అంకె మాత్రం మిగిలింది.

మనుషులకు రూపాయల్లో వెలకట్టే ప్రయత్నాలు కూడా మన దేశంలో పాతవే. రామచంద్రాపురంలో ప్లాంటున్న బీహెచ్ఈఎల్ 1970ల్లోనే మానవ వనరుల లెక్కలు వేసింది. ఇన్ఫోసిస్ అయితే ఏళ్ల తరబడి తన వార్షిక నివేదికల్లో బ్రాండు విలువ, ఉద్యోగుల విలువ, కనబడని ఆస్తుల పట్టిక వేసి దేశానికి దారి చూపింది. ఆ రోజుల్లో ఆ పేజీలను మా ఆర్టికల్ పిల్లల చేత చదివించేవాణ్ని. వాటిలో ఉద్యోగుల విలువకు వాడినది లెవ్, ష్వార్ట్జ్ అనే ఇద్దరు ఆచార్యులు 1971లో ప్రతిపాదించిన పద్ధతి. ఉద్యోగి రిటైరయ్యేదాకా సంపాదించబోయే జీతాలన్నిటినీ ఈనాటి విలువకు కుదిస్తారు. చిక్కంతా ఇక్కడే. జీతం పెంచితే ఉద్యోగి విలువ పెరుగుతుంది. అతనికి కొత్తగా ఒక్క ముక్క రాకపోయినా సరే. వడ్డీ రేటు ఒక శాతం మార్చితే వేల కోట్లు పెరుగుతాయి, తరుగుతాయి. అలాంటి అంకె మీద ఎవరూ నిర్ణయం తీసుకోలేరు. ఇన్ఫోసిస్ కూడా తర్వాతి కాలంలో ఆ లెక్కలు వేయడం మానేసింది. మానేసినందుకు నాకు చింత లేదు. వాటి స్థానంలో రావాల్సినవి రాలేదన్నదే బాధ.

రావాల్సింది రూపాయి అంకె కాదు, వివరం. ఒక్క ఉద్యోగుల వలసనే తీసుకుందాం. 2022 జూన్‌తో ముగిసిన త్రైమాసికంలో ఇన్ఫోసిస్ వలస రేటు 28.4 శాతం, టీసీఎస్‌ది 19.7 శాతం. రెండు కంపెనీలూ స్వయంగా ప్రకటించాయి, అందుకు అభినందించాలి. ఆ అంకెలు చూసి ఒక కంపెనీలో జ్ఞానం ఎక్కువ కారిపోతోందని చెప్పగలమా? చెప్పలేం. వెళ్లింది నిరుడు క్యాంపస్‌లో చేరిన కుర్రాళ్లా, పదేళ్లుగా ఒకే ఖాతాదారుడి పనిని కనిపెట్టుకుని ఉన్న టీం లీడ్‌లా? కుర్రాళ్లయితే మళ్లీ చేర్చుకుని ఆరు నెలలు శిక్షణ ఇస్తే సరిపోవచ్చు. టీం లీడ్ వెళ్తే ఆ ఖాతాదారుడి సిస్టం చరిత్రంతా అతనితో పాటు గేటు దాటుతుంది. పైగా స్వచ్ఛందంగా వెళ్లినవాళ్లనే లెక్కించారా, కంపెనీ పంపించేసినవాళ్లను కూడా కలిపారా, గడిచిన 12 నెలల సగటా, ఒక త్రైమాసికాన్ని ఏడాదికి సాగదీశారా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. మూడేళ్లలోపు, మూడు నుంచి పదేళ్లు, పదేళ్లు పైన అని అనుభవాన్ని బట్టి మూడు వరుసల పట్టిక ఇస్తే చాలు, సగం కథ తెలిసిపోతుంది. ఈ పట్టిక ప్రతి కంపెనీ హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికే ఉంది. బోర్డు సమావేశంలో తెర మీద చూపిస్తారు. వాటాదారుడికి మాత్రం చూపించరు.

ఇలాగే మందుల కంపెనీ గత అయిదేళ్లలో తెచ్చిన కొత్త ఉత్పత్తుల నుంచి ఎంత అమ్మకం వస్తోందో చెప్పాలి. పేటెంట్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, వాటిలో ఎన్ని రాబడి తెస్తున్నాయి, ఎన్నిటికి రుసుము కట్టక వదిలేశారు అన్నది చెప్పాలి. సేవల కంపెనీ అయిదేళ్లు దాటిన ఖాతాదారుల నుంచి ఎంత ఆదాయం వస్తోందో చెప్పాలి.

చట్టం ఏమీ అడగడం లేదా అంటే, కొంత అడుగుతోంది. పరిశోధనపై ఎంత ఖర్చు పెట్టారో, సాంకేతికతను ఎలా అలవరచుకున్నారో డైరెక్టర్ల నివేదికలో రాయాలి. సెబీ 2022-23 నుంచి విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు బీఆర్ఎస్ఆర్ అనే నివేదికను తప్పనిసరి చేసింది. అందులో మూడేళ్ల ఉద్యోగుల వలస రేటు, నైపుణ్య శిక్షణ పొందినవారి శాతం ఉంటాయి. మంచి మొదలు. అయితే అది ప్రధానంగా పర్యావరణం, సామాజిక బాధ్యతల కోసం తయారైన పత్రం. కంపెనీ రేపు పోటీలో నిలబడుతుందా అన్నది దాని ప్రశ్న కాదు. యాజమాన్యం తరఫు చర్చ అని ఇంకో అధ్యాయం ఉంటుంది. చాలా నివేదికల్లో ఆ అధ్యాయంలోని మానవ వనరుల పేరా తెరిస్తే ‘మా ఉద్యోగులే మా అసలైన ఆస్తి’ అనే వాక్యం, దాని పక్కన మొత్తం ఉద్యోగుల సంఖ్య, అక్కడితో సమాప్తం. నిరుటి నివేదికలోనూ అక్షరం పొల్లుపోకుండా అదే ఉంటుంది. అసలైన ఆస్తి అని మీరే అంటున్నప్పుడు, దాని గురించి స్థిరాస్తుల షెడ్యూలుకు ఇచ్చినంత చోటైనా ఇవ్వాలి కదా?

బయటి దేశాల అనుభవం మన ముందుంది. స్వీడన్ బీమా సంస్థ స్కాండియా 1994లోనే వార్షిక నివేదికకు మేధో మూలధనంపై అనుబంధం జతచేసింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. దశాబ్దం తిరక్కుండానే ఆ సంస్థ ఉన్నతాధికారుల బోనస్‌ల కుంభకోణంలో చిక్కుకుంది, 2006లో ఓల్డ్ మ్యూచువల్ చేతికి పోయింది. ఇష్టమైతే ఇచ్చే వివరాలు, ఇష్టమైన సూచికలతో ఇచ్చే వివరాలు యాజమాన్యాన్ని కట్టడి చేయలేవని నేను దాన్నుంచి గ్రహించాను. అందుకే తప్పనిసరి చేయాలంటున్నాను, ఆడిట్ చేయాలంటున్నాను. ఆస్ట్రియా 2002 చట్టంతో తన విశ్వవిద్యాలయాల చేత మేధో మూలధన నివేదికలు రాయిస్తోంది. జర్మనీ చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసమే 2004లో మార్గదర్శకాలు తెచ్చింది. అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2020 నుంచి మానవ మూలధనం వివరాలు అడుగుతోంది.

ఇక మన పారిశ్రామికవేత్తలు ఎప్పుడూ చెప్పే అభ్యంతరం: ‘ఇవన్నీ బయటపెడితే పోటీవాడు ఎత్తుకుపోడా?’ ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. 2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో ఒక ముసాయిదా బిల్లు ఇచ్చింది. దాన్ని చట్టం చేయాల్సిన అవసరం ఉంది. కానీ రహస్యం వేరు, సామర్థ్యం వేరు. రసాయన ప్రక్రియలో ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏం కలపాలన్నది రహస్యం. ఆ ప్రక్రియ తెలిసినవాళ్లు మా దగ్గర ఎందరున్నారు, ఎన్నేళ్లుగా ఉన్నారన్నది సామర్థ్యం. రెండోది చెబితే మొదటిది బయటపడదు.

దీనికి హైదరాబాద్‌లోనే ఉదాహరణ ఉంది. అంజిరెడ్డి గారు స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ 1997లో తన ప్రయోగశాలలో పుట్టిన మధుమేహ ఔషధ అణువును డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకిచ్చింది. భారతీయ కంపెనీ సొంత అణువును అలా ఇవ్వడం అదే మొదలు. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి వెళ్లింది. అక్కడికి వెళ్లడమంటే ఉత్పత్తులు, పేటెంట్లు, పరిశోధనలో ఉన్న మందులు, కోర్టు వివాదాలు, నష్టభయాలు ఏటా పేజీలకు పేజీలు రాసివ్వడం. మరుసటి ఏడాదే, 2002 జూలైలో, నోవోకిచ్చిన మరో అణువు రాగాగ్లిటజార్‌తో ఎలుకల్లో కణితులు కనబడ్డాయని పరీక్షలు ఆపేశారు. ఆ కబురు దాచలేదు. షేరు పడింది. కంపెనీ పడలేదు. ఇన్నేళ్లుగా అన్ని వివరాలు రాసిచ్చినా దాని ఫార్ములాలు ఎవరూ ఆ పేజీల్లోంచి ఎత్తుకుపోలేదు. దుర్వార్తను కూడా వేళకు చెప్పే కంపెనీ శుభవార్త చెబితే పెట్టుబడిదారు నమ్ముతాడు. నమ్మకం ఉన్నచోట పెట్టుబడి చౌకగా దొరుకుతుంది. పోటీ సామర్థ్యంలో అది చిన్న విషయం కాదు. మంచి ఇంజినీరు ఉద్యోగం ఎంచుకునేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది: ఎవరెంత శిక్షణ ఇస్తున్నారో, అనుభవజ్ఞులు ఎక్కడ నిలుస్తున్నారో తెలిస్తే అతను అక్కడికే వెళ్తాడు.

పెద్ద కంపెనీల మాట అటుంచితే, ఈ మౌనం ఎక్కువగా కుంగదీసేది చిన్నవాళ్లను. బాలానగర్‌లో నాకు తెలిసిన ఒక టూల్ రూం ఉంది. ప్లాస్టిక్ సామాన్లకు మౌల్డులు చేస్తారు. మిషన్లు పాతవే, షెడ్డు అద్దెది. కానీ ఇతర ఊళ్ల నుంచి కూడా పార్టీలు వెతుక్కుంటూ వస్తాయి. యజమాని మొదటి నుంచీ ఒక లావుపాటి లాంగ్ నోట్‌బుక్ రాస్తున్నాడు. ప్రతి మౌల్డుకు ఒక పేజీ. మొదటి ట్రయల్ ఎప్పుడు వేశారు, ముక్క ఎక్కడ వంకర తిరిగింది, నీళ్ల చానెల్‌ను ఎంత జరిపితే సరైంది, మళ్లీ ఎన్నాళ్లకు రిపేరుకొచ్చింది, ఆ రిపేరు ఎవరి చేతి మీద అయింది, అన్నీ నూనె మరకల మధ్య బాల్‌పెన్ అక్షరాల్లో ఉన్నాయి. కొత్త కుర్రాడు చేరితే ముందు ఆ పుస్తకం చదివిస్తారు. అలా నేర్చుకున్నవాళ్లే ఇప్పుడు సొంతంగా డిజైన్లు సరిచేస్తున్నారు.

కొత్త సీఎన్‌సీ మిషన్ కోసం ఆ యజమాని లోనుకు వెళ్తే బ్యాంకు సీఎంఏ డేటా, అంటే అప్పు కోసం ఇవ్వాల్సిన లెక్కల పట్టిక, అడిగింది. తయారుచేసి ఇచ్చాను. అమ్మకాలు, స్టాకు, బాకీలు, కరెంట్ రేషియో అన్నిటికీ గళ్లున్నాయి. ఆ నోట్‌బుక్‌కు గడి లేదు. చివరికి ఇంటి కాగితాలు పెడితేనే లోను మంజూరైంది. సంతకాలయ్యాక అతను నాతో అన్న మాట: ‘సార్, మా ఉస్తాద్ రేపటి నుంచి రానంటే ఈ మిషన్లన్నీ తుక్కే. ఆయన ఉన్నాడా అని బ్యాంకోళ్లు ఒక్కమాట కూడా అడగలే.’

అడగాల్సిన ప్రశ్న అదే. బ్యాంకులు మొండి బాకీలు రాబట్టుకోవడానికి వాడే 2002 నాటి సర్ఫేసీ చట్టం ఆస్తి నిర్వచనంలోనే పేటెంటు, ట్రేడ్‌మార్కులతో పాటు వ్యాపార పరిజ్ఞానాన్ని కూడా చేర్చింది. అంటే చట్టానికి అభ్యంతరం లేదు; అప్పు ఫారానికే చూపు లేదు. జపాన్ 2024లో ఒక చట్టం చేసి, ఇల్లూ స్థలమూ కాకుండా వ్యాపారం మొత్తాన్ని, దాని పరిజ్ఞానంతో సహా, పూచీకత్తుగా తీసుకునే వీలు కల్పించింది. బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్, విశాఖ గాజువాక షెడ్లలో ఉన్న పనితనానికి మన బ్యాంకులు వెలకట్టనక్కర్లేదు, కింగ్‌ఫిషర్ తరహాలో అసలే వద్దు. ముందు నమోదు చేస్తే చాలు: కీలకమైన పని ఎందరికి వచ్చు, ఆ పని ఎక్కడైనా రాసిపెట్టి ఉందా, పాత పార్టీలు ఎన్నేళ్లుగా వస్తున్నాయి, తిప్పి పంపిన సరుకెంత. రెండు పేజీల పని. మా వృత్తిలో ఉన్నవాళ్లం ధ్రువీకరించి ఇవ్వగలం. అందుకు తగిన ప్రమాణాన్ని మా చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూటే చొరవ తీసుకుని రాయాలి.

సెబీ చేయాల్సింది కూడా పెద్ద భారమేమీ కాదు. అనుభవాన్ని బట్టి ఉద్యోగుల వలస, కొత్త ఉత్పత్తుల నుంచి వచ్చే ఆదాయ వాటా, పాత ఖాతాదారుల వాటా, శిక్షణ ఖర్చు, పేటెంట్ల స్థితి, ఈ అయిదింటికి ఒకే నిర్వచనం ఇచ్చి, మూడేళ్ల అంకెలు పక్కపక్కన ఉండేలా, ఆడిటర్ సంతకంతో తప్పనిసరి చేయాలి. మంచి ఏడాది చూపించి చెడ్డ ఏడాది మానేసే వెసులుబాటు ఉండకూడదు.

అంతవరకూ వాటాదారులు ఊరుకోనక్కర్లేదు. ఇప్పుడు చాలా కంపెనీల వార్షిక సమావేశాలు వీడియోలోనే జరుగుతున్నాయి. తెనాలిలో కూర్చునైనా, కరీంనగర్‌లో కూర్చునైనా మాట్లాడవచ్చు. ముందుగా స్పీకర్‌గా పేరు నమోదు చేసుకోవాలి, అంతే. డివిడెండ్ ఎంత, బోనస్ షేర్లు ఎప్పుడు అని అడిగేవాళ్లు ఎలాగూ అడుగుతారు. పదేళ్ల అనుభవం దాటినవాళ్లు ఈ ఏడాది ఎందరు వెళ్లిపోయారో, వాళ్లకు తెలిసిన పని ఇప్పుడు ఎవరికి వచ్చో ఛైర్మన్‌ను మీరు అడగండి. జవాబు మినిట్స్‌లో రాయమనండి.